మూస్‌కి పిచ్ దూరం

గేదెకున్నంత నలుపు. ఒంటెకున్నంత పొడుగు కాళ్లు. గాడిద మొహాన్ని ఎవరో పట్టుకుని కిందికి సాగదీసినట్టుండే మూతి. మెడ కింద ఎద్దుకున్నట్టు గంగడోలు. నెత్తిమీద రెండు చేటల్లాంటి కొమ్ములు. ఇవన్నీ కలిపి ఒక జింకను తయారుచేస్తే ఎలా ఉంటుంది? అదే మూస్!

అవును, అది జింకే. ప్రపంచంలోని జింకలన్నిట్లోకీ పెద్దది. మన అడవుల్లో పెద్ద జింక అంటే కణుజు. మూస్ పక్కన నిలబెడితే అది తమ్ముడిలా కనిపిస్తుంది. నేను ఫొటోలు తీసింది షైరాస్ అనే రకం. మూస్‌లలో ఇది చిన్న సైజన్నమాట. అయినా మగది భుజం దగ్గరే దాదాపు మనిషంత ఎత్తు, 350 నుంచి 450 కిలోల బరువు. అలాస్కాలో ఉండేవైతే 600 కిలోలు కూడా దాటుతాయి.

మన దేశంలో మూస్ లేదు కాబట్టి మనవాళ్ల వాడుకలో దానికో పేరూ లేదు. 'మూస్' అన్నది ఉత్తర అమెరికా ఆదివాసుల అల్గాంక్వియన్ భాషల నుంచి వచ్చిన మాట. చెట్ల బెరడు, కొమ్మలు ఒలుచుకుని తినేది అని అర్థం చెబుతారు. ఇదే జంతువుని యూరప్‌లో 'ఎల్క్' అంటారు. అమెరికాలో ఎల్క్ అంటే మళ్లీ వేరే జింక. గూగుల్ చేసేటప్పుడు జాగ్రత్త!

నేను సాల్ట్ లేక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్న గుంటూరు జిల్లాలోని మా ఊరి నుంచి నా దగ్గరికి వచ్చి నెల దాటింది. నాన్నకి ముప్పై ఏళ్లుగా పాడి గేదెలతోనే లోకం. అపార్ట్‌మెంట్‌లో సోఫా మీద కూర్చుని ఆయన తెగ విసిగిపోతున్నాడు. సెప్టెంబరు ఆఖరి వారంలో ఒక శుక్రవారం లీవు పెట్టి, "గ్రాండ్ టెటన్ వెళ్దాం, మూస్‌ని చూపిస్తా" అన్నాను.

"అదెలా ఉంటుందమ్మా?"

"గేదె లాంటి జింక నాన్నా."

"గేదెని చూడ్డానికి ఐదు గంటలు కారులో కూర్చోవాలా?" అన్నాడు. అంటూనే బ్యాగు సర్దుకున్నాడు.

కొండలకి ముందు మెట్లు లేవు

గ్రాండ్ టెటన్ నేషనల్ పార్క్ వయోమింగ్ రాష్ట్రంలో ఉంది. దానికి సరిగ్గా ఉత్తరాన ఎల్లోస్టోన్. మనవాళ్లు చాలామంది ఎల్లోస్టోన్‌కి వెళ్తూ దీన్ని కారు అద్దంలోంచి చూసేసి దాటిపోతారు. అలా చూసినా మతి పోతుంది, అది వేరే సంగతి. మామూలుగా పెద్ద కొండలకి ముందు చిన్న గుట్టలుంటాయి కదా. ఇక్కడ అవేమీ లేవు. చదునైన నేల మీద నుంచి నిట్టనిలువుగా 2,000 మీటర్లకు పైగా గోడలా లేచి నిలబడతాయి. అన్నిట్లోకీ పెద్ద శిఖరం గ్రాండ్ టెటన్ ఎత్తు 4,199 మీటర్లు.

ఫొటోలు తీసేవాళ్లకి ఇదొక పుణ్యక్షేత్రం. 1942లో ఆన్సెల్ ఆడమ్స్ ఇక్కడి స్నేక్ నది ఒడ్డున పైనుంచి తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఒకటుంది. 1977లో వోయేజర్ నౌకల్లో పంపిన గోల్డెన్ రికార్డులో ఆ ఫొటో కూడా ఉంది. మన భూమి ఎలా ఉంటుందో గ్రహాంతరవాసులకి చూపించడానికి ఎంచుకున్న బొమ్మల్లో ఇదొకటన్నమాట.

పార్క్ హెడ్‌క్వార్టర్స్ ఉన్న ఊరి పేరే మూస్. కానీ మూస్ కోసం మేం వెళ్లింది గ్రో వాంట్ నది దగ్గరికి. స్పెల్లింగ్ చూస్తే 'గ్రాస్ వెంటర్' అని చదువుతాం. అది ఫ్రెంచి మాట, పలికేది 'గ్రో వాంట్' అని. పార్క్ దక్షిణపు కొసన పారే నది. దాని వెంట విల్లో పొదలు, కాటన్‌వుడ్ చెట్లు. విల్లో మూస్‌కి ఇష్టమైన మేత. సెప్టెంబరు ఆఖరికి కాటన్‌వుడ్ ఆకులు పసుపు రంగుకి తిరుగుతాయి. నల్లటి జంతువు, పసుపు చెట్లు, నీళ్లు. ఒక ఫొటోకి ఇంతకన్నా ఏం కావాలి?

అమ్మ కనిపెట్టిన మోడు

జాక్సన్ ఊళ్లో హోటల్ రేట్లు చూసి గుండె జారింది. కొండకి అవతల, ఐడహో వైపు ఊళ్లో రూమ్ తీసుకున్నాం. మర్నాడు చీకటితోనే లేచి టెటన్ పాస్ దాటి ఇవతలికి వచ్చాం. బయట నీళ్లు గడ్డకట్టే చలి. నాన్న తలకి మంకీ క్యాప్, దానిమీద మెడ చుట్టూ ఊరి నుంచి తెచ్చుకున్న తువ్వాలు.

ఇంత పొద్దున్నే ఎందుకంటే, మూస్‌కి వేడి పడదు. ఒళ్లంతా దట్టమైన బొచ్చు, చెమట పట్టి చల్లబడే వీలు అంతగా లేదు. వేసవిలో ఉష్ణోగ్రత 14 డిగ్రీలు దాటినా, చలికాలంలో మైనస్ 5 దాటినా దానికి ఉక్కపోత మొదలవుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మనం స్వెట్టర్ వేసుకునే వాతావరణంలో దానికి ఫ్యాన్ కావాలన్నమాట. అందుకే ఎండ ఎక్కేసరికి నీడలోకో నీళ్లలోకో వెళ్లిపోతుంది. తెల్లవారుజామున, సాయంత్రం బయట మేస్తుంది. ఈ మాట చెప్పగానే నాన్న, "గేదె కూడా అంతేగా, ఎండెక్కితే చెరువు వదలదు" అన్నాడు.

కారు మెల్లగా పోతోంది. బైనాక్యులర్స్ అమ్మ చేతిలో ఉన్నాయి. నేను రోడ్డు చూస్తున్నాను, నాన్న నిద్రపోతున్నాడు. ఉన్నట్టుండి అమ్మ, "ఆగవే, ఆ మోడు కదిలింది" అంది.

నిజంగానే మోడులాగే ఉంది. నదికి అవతల, పొదల మధ్య నల్లగా ఒక మగ మూస్. పడుకుని నెమరు వేస్తోంది. రోడ్డుపక్క పుల్‌ఔట్‌లో కారు ఆపి దిగాం. మధ్యలో నది, అటు ఇటు కలిపి వంద మీటర్లకు పైనే దూరం. కాసేపటికి అది లేచింది. లేవడం కూడా గేదెలాగే, ముందు వెనక కాళ్లు, తర్వాత ముందు కాళ్లు. నాన్న నిద్ర ఎగిరిపోయింది.

ఆ గంటలో నేను చదివి తెలుసుకున్నది సగమైతే, నాన్న చూసి చెప్పింది సగం. మెడ కింద వేలాడే తోలుని ఇంగ్లీషులో 'బెల్' అంటారని నేను చెబితే, "గంగడోలుకి గంటేంటి?" అని నవ్వాడు. పై దవడలో ముందు పళ్లుండవని చెబితే, "నెమరు వేసే గొడ్డుకి ఎందుకుంటాయి?" అన్నాడు. ఒక్క సంగతి మాత్రం ఆయన నమ్మలేదు. ఆ చేటలంత కొమ్ములు ప్రతి ఏడాదీ చలికాలంలో రాలిపోతాయని, వసంతంలో మొదలుపెట్టి నాలుగైదు నెలల్లో మళ్లీ మొత్తం పెరుగుతాయని చెప్పాను. "ఏటా కొత్తవా? మేత ఎంత తినాలి దానికి!" అన్నాడు. రైతు లెక్క అది. వేసవిలో పెద్ద మూస్ రోజుకి సుమారు 20 కిలోల మేత తింటుంది మరి.

సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా వీటికి జతకట్టే కాలం. ఆ రోజుల్లో మగది మేత దాదాపు మానేస్తుంది. నేలని గిట్టలతో గుంట చేసి, అందులో మూత్రం పోసి, ఆ బురద ఒంటికి పూసుకుంటుంది. ఆడవాటికి అదే సెంటు. "ఛీ" అంది అమ్మ. ఫొటోగ్రాఫర్లు ఈ నెల కోసం ఏడాదంతా ఎదురు చూస్తారు. కొమ్ములు నిండుగా ఉంటాయి, మగవి పగలు కూడా బయట తిరుగుతాయి. అదే నెలలో వాటికి కోపం కూడా ఎక్కువే.

ఎంత దూరం? క్రికెట్ లెక్క

పార్క్ రూలు సింపుల్. ఎలుగుబంట్లు, తోడేళ్లకి కనీసం 100 గజాల దూరంలో ఉండాలి. మూస్‌తో సహా మిగతా జంతువులకి 25 గజాలు. గజాలంటే మనకి వెంటనే తట్టదు. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు. అంటే మూస్ ఒక వికెట్ల దగ్గరుంటే, మీరు రెండో వికెట్లు దాటి ఇంకో మూడు గజాలు వెనక ఉండాలి. ఎలుగుకైతే ఏ బౌండరీ లైన్ కన్నా కూడా దూరం.

25 గజాలంటే 23 మీటర్లు. మూస్ గంటకి 55 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు. అంటే ఆ దూరాన్ని ఒకటిన్నర సెకన్లలో దాటేస్తుంది. మీరు పది మీటర్లలో ఉంటే? ముప్పావు సెకను కూడా పట్టదు. సెల్ఫీ కెమెరాకి తిప్పడానికి అంతకన్నా ఎక్కువ టైము పడుతుంది. పైగా 25 గజాలన్నది హద్దు మాత్రమే. అక్కడున్నా జంతువు మీ వల్ల మేత ఆపిందంటే మీరు ఇంకా వెనక్కి జరగాలి.

"అంత దూరం నుంచి ఫోన్‌తో ఏం వస్తుంది?" అని మీరు అడగొచ్చు. లెక్క చూద్దాం. మామూలు 1ఎక్స్ కెమెరాతో 23 మీటర్ల దూరంలో ఫ్రేములో పట్టే వెడల్పు సుమారు 32 మీటర్లు. మూస్ పొడవు రెండున్నర, మూడు మీటర్లు. అంటే ఫ్రేములో పదో వంతు కూడా ఉండదు. అందుకే జనం ముందుకి నడుస్తారు. కానీ ఫోన్‌లో 5ఎక్స్ ఆప్టికల్ జూమ్ ఉంటే అదే చోటి నుంచి వెడల్పు ఏడు మీటర్లకి తగ్గుతుంది. ఫ్రేములో మూడో వంతు పైన మూసే. చాలదా?

నా చేతిలో ఉన్నది అద్దెకి తెచ్చిన 400 ఎంఎం లెన్స్. తమాషా ఏంటంటే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి అది తగిలిస్తే 23 మీటర్ల దగ్గర వెడల్పు రెండు మీటర్లే. మూస్ మొత్తం పట్టనే పట్టదు, తలా మెడా వచ్చి ఆగిపోతుంది. ఒళ్లంతా రావాలంటే నేనే వెనక్కి వెళ్లాలి. 50 మీటర్లకి వెళ్తే జంతువు, దాని చుట్టూ కాస్త నీళ్లు, కాస్త చెట్లు అన్నీ వస్తాయి. జూమ్ లేనివాళ్లకి ఇంకో దారి ఉంది. ఫోన్ కెమెరాని బైనాక్యులర్స్ కంటి అద్దానికి ఆనించి తీయడం. మొదట అంతా నల్లగా గుండ్రంగా కనిపిస్తుంది, పది నిమిషాలు తంటాలు పడితే చేయి కుదురుకుంటుంది. అమ్మ అలాగే తీసింది.

నది ఒడ్డున ఆ పొద్దున

రెండో రోజు పొద్దున ఏడున్నర. గ్రో వాంట్ ఒడ్డున అప్పటికే ముప్పై మంది దాకా ఉన్నారు. సగంమంది చేతుల్లో మోచేయంత లెన్సులు, సగంమంది చేతుల్లో ఫోన్లు. ఎదురుగా ఇవతలి ఒడ్డునే ఒక ఆడ మూస్ విల్లో కొమ్మలు మేస్తోంది. దానికి కొంచెం వెనక పొదలో దూడ. మే ఆఖర్లోనో జూన్‌లోనో పుట్టి ఉంటుంది, అంటే నాలుగు నెలల పిల్ల. తలా చెవులూ మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. మేం అందరికన్నా వెనక, గట్టు మీద నిలబడ్డాం.

చాలామంది పద్ధతిగానే ఉన్నారు. ఒకతను మాత్రం ఫోన్ పైకి పట్టుకుని మెల్లగా పక్కకి జరుగుతున్నాడు. నేరుగా ముందుకి వెళ్లడం లేదు. మంచి యాంగిల్ కోసం చుట్టూ తిరిగి వస్తున్నాడు. స్క్రీనులో తల్లి కనిపిస్తోంది. దూడ ఎక్కడుందో అతను చూడలేదు. ఒక్కో అడుగూ వేస్తూ ఆ రెండిటి మధ్యలోకి వెళ్లిపోతున్నాడు.

"అమ్మాయ్, చెవులు చూడు" అన్నాడు నాన్న.

తల్లి మేయడం ఆపేసింది. రెండు చెవులూ వెనక్కి అణిచిపెట్టింది. మూపు మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నాలుక బయటికి తీసి మూతి నాకుతోంది. చూసేవాళ్లకి ముద్దుగానే ఉంటుంది, ఒకరిద్దరు నవ్వారు కూడా. ఇవన్నీ మూస్ కోపానికి గుర్తులని నేను చదివాను. నాన్న ఏమీ చదవలేదు.

"ఈనిన గేదెకీ దూడకీ మధ్యకి ఎవడైనా వెళ్తాడా? ఏయ్ బాబూ, ఇవతలికి రావయ్యా!" అని తెలుగులోనే గట్టిగా అరిచాడు. నేను వెంటనే ఇంగ్లీషులో అరిచాను, "నీ వెనక దూడ ఉంది, చెట్టు చాటుకి వెళ్లు" అని.

అతను తల తిప్పేలోపే తల్లి కదిలింది. తల దించి నాలుగైదు అంగలు. అంత పొడుగు కాళ్ల మీద ఆ బరువు అలా దూసుకొస్తుంటే ఆ అదురు నేలలో తెలిసింది. అతను అదృష్టవంతుడు. పక్కనే లావుపాటి కాటన్‌వుడ్ చెట్టుంది, దాని వెనక్కి దూరాడు. మూస్ చెట్టు ముందు ఆగి, ముందు కాలితో నేలని ఒక్క తాపు తన్ని, వెనక్కి తగ్గింది. గేదె కుమ్ముతుంది. మూస్ ముందు గిట్టలతో తంతుంది. ఎలుగు ఎదురైతే పరిగెత్తకూడదంటారు కదా. మూస్ మీదికొస్తే మాత్రం పరిగెత్తాలి, చెట్టో కారో ఏదో ఒక అడ్డం వెనక్కి పోవాలి. ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

మనిషికి ఏమీ కాలేదు. అసలు సంగతి ఆ తర్వాతే మొదలైంది. ఈ గలాటాకి దూడ బెదిరి నదిలోకి దూకింది. సెప్టెంబరు కాబట్టి నీళ్లు తక్కువ. తడబడుతూ అవతలి ఒడ్డు ఎక్కి పొదల్లోకి పోయింది. తల్లి ఇవతల, పిల్ల అవతల. నీళ్లలోకి దిగాలంటే తల్లి జనానికి దగ్గరగా రావాలి. అది నాలుగు అడుగులు వస్తుంది, జనాన్ని చూసి ఆగుతుంది, మళ్లీ వెనక్కి పోతుంది. గొంతులో ఒక రకమైన మూలుగు. అవతల నుంచి దూడ సన్నగా బదులిస్తోంది. మా అందరి కెమెరాలూ టకటకా కొడుతూనే ఉన్నాయి.

నాన్న తువ్వాలు తీశాడు. ఊళ్లో గొడ్లని దారికి మళ్లించేటప్పుడు ఊపినట్టే, నెమ్మదిగా, జనం వైపు తిరిగి ఊపుతూ గట్టు మీదికి నడవమని సైగ చేశాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క మాట్లాడలేదు. పెద్ద పెద్ద ట్రైపాడ్‌లతో వచ్చిన ఒకావిడ ముందు కదిలింది. ఆమెని చూసి పక్కవాళ్లు. రెండు నిమిషాల్లో ఒడ్డు ఖాళీ అయింది. చెట్టు చాటున్నతను కూడా అందరికన్నా వెనక్కి వచ్చి, ఫోన్ జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. నాన్న అతని భుజం తట్టి ఊరుకున్నాడు.

మేం కదిలాక కూడా నలభై నిమిషాలు పట్టింది. ఎవరూ మాట్లాడలేదు. చివరికి తల్లి నీళ్లలోకి దిగింది. అప్పటికి ఎండ చెట్ల మీదుగా నదిలోకి దిగుతోంది. పొగమంచు పైకి లేస్తోంది. నీళ్లు మోకాలి దాకా, వెనక పసుపు చెట్ల వరస, అవతలి ఒడ్డున పొదల్లోంచి రెండు చెవులు. మాకూ దానికీ మధ్య 70 మీటర్లు ఉంటుంది. ఒడ్డు మీదే నిలబడి ఉంటే ఎవరికీ ఈ ఫొటో లేదు. ఎందుకంటే మేం అక్కడున్నంతసేపూ అది నీళ్లలోకి దిగలేదు.

నలభై నిమిషాల ఖరీదు

నలభై నిమిషాలే కదా, దానికింత బాధేంటి అనిపించొచ్చు. మూస్‌కి సెప్టెంబరు అంటే మనకి పంట ఇంటికొచ్చే కాలం లాంటిది. తర్వాత ఆరు నెలలు మంచు. తినడానికి ఎండు కొమ్మలు, బెరడు, అంతే. ఎంత తిన్నా ఒళ్లు తగ్గుతూనే ఉంటుంది. వేసవిలో, ఇప్పుడు పోగుచేసిన కొవ్వే దాన్ని వసంతం దాకా లాక్కెళ్తుంది. అదీ దూడకి పాలిస్తున్న తల్లికైతే మరీ ముఖ్యం. పరిగెత్తించిన ప్రతిసారీ, మేత మాన్పించిన ప్రతిసారీ ఆ నిల్వలోంచే ఖర్చు. ఒక్క పొద్దున వల్ల ఏమీ కాకపోవచ్చు. కానీ ఆ సీజన్లో ప్రతి పొద్దునా ఆ ఒడ్డుకి కొత్త జనం వస్తారు.

ఈ ప్రాంతంలో మూస్‌లు ఒకప్పటంత లేవు కూడా. 1988లో ఎల్లోస్టోన్‌లో పెద్ద కార్చిచ్చులు వచ్చి పార్క్‌లో మూడో వంతుకు పైగా తగలబడింది. ముసలి ఫర్, స్ప్రూస్ చెట్ల అడవి కింద మంచు లోతు తక్కువ ఉంటుంది, చలికాలం మూస్‌లు అక్కడే తలదాచుకుని ఫర్ కొమ్మలు తింటాయి. ఆ అడవి పోయింది, మూస్‌లూ తగ్గాయి. అవి పెరిగే వేగం కన్నా అడవి పెరిగే వేగం తక్కువ. దీనికి తోడు వేడెక్కుతున్న వేసవులు. చెమట పట్టని జంతువుకి అదెంత కష్టమో పైనే చెప్పుకున్నాం.

రంగూ వెలుతురూ

ఇక ఫొటో సంగతులు. మూస్‌ది నలుపుకి దగ్గరగా ఉండే గోధుమ రంగు. తెల్లవారుజామున దాన్ని ఫోన్‌తో తీస్తే కెమెరా కంగారుపడి వెలుతురు పెంచేస్తుంది. వెనక ఆకాశం తెల్లగా పాలిపోతుంది. స్క్రీన్ మీద మూస్ దగ్గర తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగండి. మంచు కురిశాక వెళ్తే దీనికి రివర్సు. మంచు బూడిద రంగులో వస్తుంటే పైకి లాగండి.

కెమెరా ఉన్నవాళ్లు, నడిచే మూస్‌కి షట్టర్ స్పీడు సెకనులో 500వ వంతు పెట్టుకోండి. మేస్తూ నిలబడితే 250వ వంతు చాలు. ఫోకస్ కంటి మీదే ఉండాలి. కన్ను బాగా నల్లన కాబట్టి, అందులో ఒక వెలుగు చుక్క పడ్డప్పుడే నొక్కండి. ఆ చుక్క లేకపోతే బొమ్మలా ఉంటుంది. వీలైతే మోకాళ్ల మీద కూర్చుని తీయండి, కాళ్ల పొడుగు తెలుస్తుంది. పది గంటలు దాటాక నేల నుంచి ఆవిరి లేచి దూరపు ఫొటోలు మసకబారతాయి. అప్పుడు కెమెరా లోపల పెట్టి పులిహోర తీయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మూస్ చెవులు. ఒకటి ముందుకి, ఒకటి పక్కకి తిరుగుతూ ఉంటే అది మిమ్మల్ని పట్టించుకోవడం లేదు. దాని బతుకు అది బతుకుతోంది, ఫొటోలన్నీ అప్పుడే. రెండూ మీవైపే నిలబడితే మీరెక్కువ దగ్గరున్నారు. రెండూ వెనక్కి అణిగితే ఫొటో మర్చిపోయి చెట్టు వెతుక్కోండి.

ఆ నది దాటే ఫొటోని నాన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "ఏంటి బాబాయ్, గొడ్డు ఇంత చిన్నగా పడింది?" అని ఎవరో అడిగారు. "అది ఉండే చోటు కూడా కనపడాలి కదరా" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

వెళ్లాలనుకుంటే

సాల్ట్ లేక్ సిటీ నుంచి జాక్సన్‌కి సుమారు 450 కిలోమీటర్లు, కారులో ఐదు గంటలు. జాక్సన్ హోల్ ఎయిర్‌పోర్టు పార్క్ లోపలే ఉంది. అమెరికా నేషనల్ పార్కుల్లో విమాన సర్వీసులు నడిచే ఎయిర్‌పోర్టు ఉన్నది ఇక్కడొక్కచోటే. మూస్ ఫొటోలకి సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా గ్రో వాంట్ ఒడ్డు, ఆ తర్వాత మంచు మొదలయ్యేటప్పుడు యాంటెలోప్ ఫ్లాట్స్ మైదానం. అక్కడ బిటర్‌బ్రష్ అనే పొదల కోసం గుంపుగా దిగుతాయి. ఎంట్రీ ఫీజులు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు పార్క్ వెబ్‌సైట్ చూసుకోండి. క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండాలంటే ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి.

ఇది ఎలుగుల ఇలాకా కూడా. నడవాలనుకుంటే బేర్ స్ప్రే చేతికందేలా ఉంచుకోండి. పులిహోర, పెరుగన్నం డబ్బాలు టేబుల్ మీద వదిలేసి పోవద్దు. తినడం అయిపోగానే కారులో పెట్టి తలుపులు వేసేయాలి. రోడ్డు మీద జంతువు కనిపిస్తే నడిరోడ్డున కారు ఆపకండి, పుల్‌ఔట్ దాకా వెళ్లండి. జంతువుల దగ్గర జనం గుమిగూడితే సర్దడానికి పార్క్‌లో 'వైల్డ్‌లైఫ్ బ్రిగేడ్' అని వాలంటీర్లు ఉంటారు. వాళ్లు చూపించిన చోటే నిలబడండి.

చీకటి పడ్డాక హైవే మీద స్పీడు 45 మైళ్లు దాటకూడదు. మూస్ కళ్లు హెడ్‌లైట్లకి పైన ఉంటాయి, ఒళ్లేమో నలుపు. దగ్గరికొచ్చేదాకా కనపడదు. ఈ ప్రాంతంలో అందరికన్నా ఎక్కువ ఫొటోలకెక్కిన గ్రిజ్లీ ఎలుగు '399' కూడా 2024 అక్టోబరులో జాక్సన్‌కి దక్షిణాన రోడ్డు మీద వాహనం తగిలే చనిపోయింది. అప్పటికి దాని వయసు 28 ఏళ్లు.

ఆఖరిగా, పోస్టు పెట్టేటప్పుడు మీ ఫొటోకి సరిగ్గా ఆ స్పాట్ లొకేషన్ ట్యాగ్ చేయకండి. పార్క్ పేరు చాలు. 2018 నుంచి జాక్సన్ టూరిజం వాళ్లే సందర్శకులని ఇలా అడుగుతున్నారు. నేను కూడా ఇక్కడ నది పేరు చెప్పాను గానీ, ఆ తల్లీ దూడా ఏ వంపు దగ్గర ఉన్నాయో చెప్పడం లేదు. పొద్దున్నే లేచి, పక్క సీట్లో అమ్మని కూర్చోబెట్టి, కదిలే మోడు కోసం మీరే వెతుక్కోండి.